తాతకు రోజుకు 2 జీబీ దేనికి? కీప్యాడ్ ఫోన్ రీఛార్జ్ లెక్క మనమే చెయ్యాలి

ఇక్కడ మనం ఎప్పుడూ ఫోల్డబుల్ ఫోన్ల గురించి, వంద వాట్ల ఛార్జర్ల గురించి కొట్టుకుంటాం. ఈసారి సబ్జెక్ట్ వేరు. వెయ్యి, పదిహేను వందల్లో వచ్చే కీప్యాడ్ ఫోన్. స్పెసిఫికేషన్లు అడక్కండి, టార్చ్ వెలుగుతుంది, ఎఫ్ఎం పలుకుతుంది, అంతే. అసలు విషయం ఆ ఫోన్ కాదు, అందులో వేయించే రీఛార్జ్. దాన్ని ఎంచుకునేది ఫోన్ వాడే అవ్వా తాతలు కాదు, బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో కూర్చుని యాప్ తెరిచి పైన కనబడ్డ మొదటి ప్లాన్ నొక్కే మనం. గేమింగ్ ఫోన్ కొనేముందు నలభై బెంచ్‌మార్కులు చూస్తాం గానీ ఇంట్లో పెద్దోళ్ల రీఛార్జ్‌కి నలభై సెకన్లు కూడా పెట్టం.

మాది కళ్యాణదుర్గం వైపు పల్లె. వానలు సరిగ్గా పడని నేల, చెనక్కాయ పంట పండితే పండినట్టు, లేకుంటే లేదు. వయసులో ఉన్నోళ్లు సగం మంది బెంగళూరు బస్సెక్కేశారు. ఊళ్లో మిగిలింది ముసలోళ్లు, తాళాలేసిన ఇళ్లు. వాళ్లకీ మనకీ మధ్య ఉన్న తీగ ఆ కీప్యాడ్ ఫోన్ ఒక్కటే. వ్యాలిడిటీ అయిపోతే ముందు అవుట్‌గోయింగ్ పోతుంది, కొన్ని రోజులకు ఇన్‌కమింగ్ కూడా ఆగిపోతుంది. ఫోన్‌లో సిగ్నల్ గీతలు మాత్రం నిండుగానే ఉంటాయి, బ్యాటరీ ఉంటుంది, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. మా పక్కింటి అవ్వకు అదే జరిగింది. 'నాలుగు దినాల నుంచి పిల్లోళ్లు ఎవరూ ఫోన్ చేయలేదే' అని దిగులు పడతా కూర్చుంది. వాళ్లు రోజూ చేస్తానే ఉన్నారు, కలవలేదు. రీఛార్జ్ అయిపోయిందని చెప్పే మెసేజ్ వచ్చే ఉంటుంది, అదీ ఇంగ్లీషులో. ఆమెకు తెలుగే చదవడం రాదు.

ఒకప్పుడు ఈ బాధ లేదు. 2006 ప్రాంతంలో 'లైఫ్‌టైమ్' సిమ్ అని వచ్చింది, ఒకసారి డబ్బు కడితే ఇన్‌కమింగ్ ఆగేది కాదు. పది రూపాయల టాప్‌అప్ వేసుకుని నెలంతా మిస్డ్ కాల్స్‌తో నడిపిన తరం అది. 2018 చివర్లో ప్రైవేట్ కంపెనీలు 'మినిమమ్ రీఛార్జ్' తెచ్చాయి, 28 రోజులకు రూ.35. అక్కడి నుంచి ఎయిర్‌టెల్‌లో ఆ మెట్లు చూడండి: 2021 నవంబర్‌కి రూ.99, 2023 జనవరిలో మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో ఆ 99 తీసేసి రూ.155, అది కూడా 24 రోజులకే. 2024 జూలై పెంపు తర్వాత 28 రోజుల ప్యాక్ కావాలంటే రూ.199. జియోలో అదే తరహా ప్యాక్ రూ.189. రెండింట్లోనూ 2 జీబీ డేటా అంటగట్టి ఇస్తారు. బటన్ల ఫోన్‌లో ఆ 2 జీబీ ఏం చేసుకోవాలో కంపెనీ వాళ్లే చెప్పాలి.

2024 డిసెంబర్ 23న ట్రాయ్ ఒక మంచి పని చేసింది. డేటా అక్కర్లేని వాళ్ల కోసం ప్రతి కంపెనీ కనీసం ఒక్కటైనా కాల్స్, ఎస్సెమ్మెస్ మాత్రమే ఉండే వోచర్ పెట్టాల్సిందేనని నిబంధన మార్చింది. అలాంటి వోచర్ల గరిష్ఠ వ్యాలిడిటీని 90 రోజుల నుంచి 365 రోజులకు పెంచింది. దేశంలో ఇంకా 15 కోట్ల మంది దాకా 2జీ మీదే ఉన్నారన్న లెక్క దీని వెనక ఉంది. అలాంటి ప్లాన్లు అవసరమే లేదని ప్రైవేట్ కంపెనీలు సంప్రదింపుల్లో వాదించాయి, అయినా ట్రాయ్ ఒప్పుకోలేదు. కానీ ధర ఎంత ఉండాలో మాత్రం ట్రాయ్ చెప్పదు, అది కంపెనీల ఇష్టం. తిరకాసు అక్కడే వచ్చింది.

2025 జనవరిలో కంపెనీలు ప్లాన్లు దించాయి. ఎయిర్‌టెల్ మొదట ఉన్న ప్యాక్‌లోంచి డేటా పీకేసి రూ.10 తగ్గించి 84 రోజులకు రూ.499 అంది. 6 జీబీ తీసేసి పది రూపాయల తగ్గింపు! కొత్త ప్లాన్లను పరిశీలిస్తామని ట్రాయ్ అన్నాక మళ్లీ దించారు. జనవరి చివరికి తేలిన ధరలు ఇవీ. ఎయిర్‌టెల్ 84 రోజులకు రూ.469, ఏడాదికి రూ.1849. వొడాఫోన్ ఐడియా దాదాపు అదే, రూ.470, రూ.1849. జియో 84 రోజులకు రూ.448, 336 రోజులకు రూ.1748. బీఎస్ఎన్ఎల్ 90 రోజులకు రూ.439, ఇంకా 17 రోజుల చిన్న ప్యాక్ రూ.99. మీరు చదివే రోజుకి ఐదో పదో అటూ ఇటూ అయి ఉండొచ్చు, యాప్‌లో ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు క్యాలిక్యులేటర్ తీయండి. జియో 1748 చూడగానే ఎయిర్‌టెల్ కంటే వంద తక్కువ కదా అనిపిస్తుంది. కానీ అది 336 రోజులకే. 365 రోజులకు లాగితే దాదాపు రూ.1899 అవుతుంది, అంటే వంద తక్కువ కాదు, యాభై ఎక్కువ. రోజు లెక్కన ఎయిర్‌టెల్, వీఐ ఏడాది ప్యాక్ రూ.5.07. జియోది రూ.5.20. బీఎస్ఎన్ఎల్ 90 రోజులది రూ.4.88. ఇక మన అవ్వలు నెలనెలా వేయించుకునే రూ.199 ప్యాక్? రోజుకు రూ.7.11. పైగా 28 రోజుల నెల కాబట్టి ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీఛార్జులు. మొత్తం రూ.2587. ఏడాది వాయిస్ ప్యాక్‌తో పోలిస్తే రూ.738 ఎక్కువ. ఈ 738 ఎవరి దగ్గర్నుంచి పోతోంది? ఒకేసారి 1849 తీసి ఇవ్వలేని వాళ్ల దగ్గర్నుంచి.

నా అసలు అభ్యంతరం ఇదే. ఎన్టీఆర్ భరోసా పింఛన్ నెలకు రూ.4000, ఒకటో తారీఖు ఇంటికొచ్చి చేతిలో పెడతారు. అందులో 1849 ఒకేసారి రీఛార్జ్‌కి పెట్టమంటే ఏ ముసలావిడా పెట్టదు. పెట్టకూడదు కూడా, మాత్రలూ బియ్యమూ ముందు. ప్రైవేట్ కంపెనీలు వాయిస్ ప్లాన్ అని పెట్టినవి 84 రోజులవి, అంతకు మించినవి. 28 రోజుల వాయిస్ ప్యాక్ లేదు. అంటే తక్కువ ధర డబ్బున్నోడికి, ఎక్కువ ధర లేనోడికి. ఎయిర్‌టెల్ 469 లెక్కన చూస్తే 28 రోజులకు రూ.156 పడుతుంది, మరి ఆ రేటుకే నెల ప్యాక్ ఇవ్వడానికి ఏం అడ్డం? ప్రతి కంపెనీ నెలనెలా ఒకే తేదీన రెన్యూ అయ్యే ప్లాన్ ఒకటైనా ఉంచాలని ట్రాయ్ 2022 జనవరిలోనే చెప్పింది. ఆ రెండు నిబంధనలూ కలిపి, ఒకే తేదీన రెన్యూ అయ్యే వాయిస్ ప్యాక్ పెట్టమంటే పింఛన్ వచ్చిన మర్నాడే రీఛార్జ్ అయిపోతుంది.

కంపెనీల తరఫున ఒక మాట. నెట్‌వర్క్ నడపడానికి ఖర్చు ఉంటుంది, కాల్ మాత్రమే మాట్లాడేవాడికీ టవర్ కావాల్సిందే, ఒప్పుకుంటా. కానీ అదే జియో తన జియోభారత్ ఫోన్‌కి 28 రోజులు రూ.123కి కాల్స్‌తో పాటు రోజుకు అర జీబీ ఇస్తోంది. రోజుకు రూ.4.39. డేటా లేని ప్లాన్ కంటే డేటా ఉన్న ప్లాన్ చవక! ఇది చూశాక ఖర్చు వాదన నాకు ఎక్కలేదు.

అలాగని జియోభారత్‌కి వ్యతిరేకం కాదు. ఇంట్లో ఫోన్ ఎలాగూ పాడైపోయి కొత్తది కొనాల్సి వస్తే, ఊళ్లో జియో సిగ్నల్ బాగుంటే, డబ్బు లెక్కన దాన్ని కొట్టే ప్లాన్ లేదు. ఏడాది ప్లాన్ రూ.1234, అది కూడా 336 రోజులే. షరతు ఒకటే, ఆ ప్లాన్ ఆ ఫోన్‌లోనే పని చేస్తుంది, ఆ ఫోన్‌లో ఆ కంపెనీ సిమ్మే పడుతుంది. మనం అమెరికా వాళ్ల కాంట్రాక్ట్ ఫోన్లు చూసి నవ్వుకుంటాం, మనదంతా ప్రీపెయిడ్, నచ్చకపోతే మారిపోతాం అని. ఇది సంతకం లేని కాంట్రాక్ట్ లాంటిదే.

ఇంకో సంగతి, జియోకి 2జీ లేదు. ఇంట్లో ఉన్న పాత కీప్యాడ్ ఫోన్ 2జీదైతే అందులో జియో సిమ్ వేసినా సర్వీస్ రాదు. డబ్బా మీద '4జీ' అని ఉందో లేదో చూసి పోర్ట్ చేయండి. ఆఫర్ బాగుందని ముందు పోర్ట్ పెట్టేసి తర్వాత ఫోన్ వెతుక్కుంటే, మళ్లీ వెనక్కి రావడానికి 90 రోజులు ఆగాలి.

నెట్‌వర్క్ ఏది అన్నదానికి మ్యాప్‌లు నమ్మొద్దు. ఈసారి ఊరెళ్లినప్పుడు అవ్వ ఎక్కువసేపు కూర్చునే చోట, అంటే వసారాలోనో పశువుల పాక దగ్గరో నిలబడి మీ ఫోన్‌లో వేర్వేరు సిమ్‌లతో కాల్ చేసి చూడండి. కొండ అడ్డం ఉన్న ఊళ్లో వీధి వీధికీ మారుతుంది. రాయదుర్గం, మడకశిర, హిందూపురం వైపు కర్ణాటక టవర్ తగులుకుంటుందని పాతకాలం వాళ్లకు ఇంకా భయం ఉంది, రోమింగ్ కోస్తారని. ఇప్పటి అన్‌లిమిటెడ్ ప్యాకుల్లో దేశమంతా రోమింగ్ కలిపే ఉంటుంది, ఆ భయం తీర్చేయండి.

తోటలో ఇంకో సిమ్ ఉంటుంది, దాన్ని అందరూ మరిచిపోతారు. బోరు మోటారుకు బిగించిన మొబైల్ స్టార్టర్‌లోది. కరెంటు వచ్చిందా లేదా అని రాత్రిపూట తోటకు నడవకుండా ఫోన్ చేసి మోటారు ఆన్ చేస్తారు కదా, ఆ డబ్బాలో సిమ్‌కి కూడా వ్యాలిడిటీ కావాలి. దానికి డేటాతో పనే లేదు. చాలా స్టార్టర్లు 2జీవే కాబట్టి ఏ సిమ్ పడితే ఆ సిమ్ పనిచేయదు కూడా. ఏడాది వాయిస్ ప్యాక్‌కి ఇంతకంటే సరైన కస్టమర్ ఉండడు.

వాట్సాప్‌లో ఒకటి తిరుగుతోంది: 'ట్రాయ్ కొత్త రూల్, 20 రూపాయలుంటే సిమ్ బతికే ఉంటుంది' అని. అది కొత్తదేం కాదు, 2013 నాటిది. 90 రోజులు వాడని సిమ్‌లో కనీసం 20 రూపాయల బ్యాలెన్స్ ఉంటే అది కోసుకుని ఇంకో 30 రోజులు నంబర్ ఉంచుతారు. ఉండేది నంబర్ మాత్రమే. దాంతో కాల్స్ వస్తాయని అవ్వకు చెప్పి రీఛార్జ్ ఆపేయకండి. నంబర్ పూర్తిగా పోతే ఇంకా పెద్ద తలనొప్పి. ఆధార్, బ్యాంక్, గ్యాస్ డెలివరీ కోడ్, పీఎం కిసాన్, అన్నీ ఆ నంబర్‌కే ముడిపడి ఉంటాయి. డిస్‌కనెక్ట్ అయిన నంబర్‌ని 90 రోజుల తర్వాత వేరేవాళ్లకు ఇచ్చే వీలుంది. తాత ఆధార్ ఓటీపీ ఎవరో ముక్కూమొహం తెలియనివాడికి వెళ్లడం ఊహించుకోండి. పనిలో పనిగా ఆ సిమ్ ఎవరి పేరు మీద ఉందో కూడా కనుక్కోండి. షాపులో ఎవరి ఆధార్ పెట్టారో తెలియని సిమ్‌లు పల్లెల్లో ఇప్పటికీ ఉన్నాయి.

'అవ్వకు కూడా యూట్యూబ్ కావాలి కదా' అని కింద కామెంట్ పెట్టబోతున్నారని తెలుసు. నిజమే, స్మార్ట్‌ఫోన్‌లో హరికథలు చూసే తాతలున్నారు, డాలస్‌లో మనవడితో వీడియో కాల్ మాట్లాడేవాళ్లున్నారు. వాళ్లకు వాయిస్ ప్లాన్ వేస్తే పొదుపు కాదు, శిక్ష. అందుకే ముందు అడగండి. మా అవ్వను ఏం కావాలే అని అడిగితే ప్లాన్ ఊసే ఎత్తలేదు, 'రింగు గట్టిగా రావాల, అంకెలు పెద్దగా కనపడాల, పొద్దున్నే ఆ కంపెనీ ఆడమనిషి ఫోన్ చేయకుండా చూడు' అంది. మూడోది తీర్చడం తేలిక. ఆమె ఫోన్ నుంచి 1909కి 'స్టార్ట్ 0' అని ఇంగ్లీష్ అక్షరాల్లో మెసేజ్ పెడితే ప్రమోషన్ కాల్స్ చాలావరకు తగ్గుతాయి, బ్యాంక్ ఓటీపీలు మామూలుగానే వస్తాయి. ఎప్పుడో ఏదో బటన్ నొక్కి కాలర్ ట్యూన్ లాంటివి అంటుకుని ఉంటే 155223కి చేసి తీయించండి.

నేనైతే మా ఇంట్లో ఏడాది ప్యాక్ వేయించా, డబ్బు నాదే. నెలకు లెక్కేస్తే 154 రూపాయలు, బెంగళూరులో ఒక బిర్యానీ కూడా రాదు. అంత ఒకేసారి కుదరకపోతే 84 రోజులదో, సిగ్నల్ ఉన్న ఊళ్లో బీఎస్ఎన్ఎల్‌దో వేయండి. 28 రోజుల డేటా ప్యాక్ మాత్రం చివరి దారిగానే ఉంచండి.

రీఛార్జ్ అయిన రోజే రిమైండర్ పెట్టుకోండి, అవ్వ ఫోన్‌లో కాదు, మీ ఫోన్‌లో. చివరి రోజుకి కాదు, దానికి వారం ముందుకి. 336 రోజుల ప్యాక్ వేసినవాళ్లు వచ్చే ఏడాది ఇదే తేదీ అని పెట్టుకోకండి, 29 రోజులు ముందే అయిపోతుంది.