దోషం వేరు, భారం వేరు

వర్షాకాలంలో ఒక గంటసేపు కుండపోతగా వాన కురిస్తే చాలు, దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్బీనగర్ వరకు మెట్రో స్తంభాల క్రింద నిలిచిపోయిన వాహనాల నడుమ ఒక విచారణ ఆరంభమౌతుంది. నిందితుల జాబితా సిద్ధంగానే ఉంటుంది. నగరపాలక సంస్థ, నాయకులు, చెరువు శిఖం భూమిని ప్లాట్లుగా కోసి అమ్మినవారు, వాటిని కొన్నవారు, నీటిని దిగువకు వదిలే పైకాలనీ వారు, ఆ నీటికి అడ్డంగా గోడ లేపిన క్రిందికాలనీ వారు. ఎవరూ మిగలకపోతే ఇంద్రుడున్నాడు. తీర్పు వెలువడేలోగా వాన వెలుస్తుంది, వాహనాలు కదులుతాయి, విచారణ వచ్చే వానకు వాయిదా పడుతుంది.

2020లో మాత్రం వాయిదా వేయడానికి వీలు లేకపోయింది. శార్వరి నామ సంవత్సరం, అధిక ఆశ్వయుజ బహుళ ఏకాదశి, అనగా అక్టోబరు 13. ఉపవాసదీక్షలో ఉన్న గృహాలలో సాయంపూజ ముగియకముందే నగరపు తూర్పుదిక్కున ఆకాశం విరిగిపడింది. ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్క దినంలో సుమారు 32 సెంటీమీటర్ల వర్షం నమోదైంది. ఎగువన మీర్‌పేట వైపు చెరువులు నిండి పొర్లాయి; సరూర్‌నగర్ చెరువు కూడా పొర్లింది. ఆ నీరు మూసీని చేరవలసిన మార్గంలో ఇప్పుడు వీధులున్నాయి, గృహాలున్నాయి. కోదండరామనగర్ వంటి కాలనీలలో క్రింది అంతస్తులు రోజుల తరబడి నీటిలోనే ఉండిపోయాయి. నాలుగు రోజుల తరువాత, శరన్నవరాత్రుల తొలినాడు, కలశస్థాపన జరగవలసిన సమయానికి మళ్ళీ భారీ వర్షం. అమ్మవారి పీఠం వేయవలసిన గదిలో బురద ఎత్తిపోసుకున్న గృహిణులెందరో.

ఆ దినాలలో రెండు వ్యాఖ్యానాలు వినిపించాయి. మొదటిది అందరికీ తెలిసినదే: సర్వం పాలకుల వైఫల్యం. రెండవది కొంత మెల్లగా, ముఖ్యంగా పై అంతస్తులలో ఉన్నవారి నుండి, సత్సంగాలకు వెళ్ళివచ్చేవారి నుండి వినవచ్చింది: ఏం చేస్తాం, వారి ప్రారబ్ధం. మొదటి మాటలో కోపం ఉంది, రెండవదానిలో వేదాంతపు వాసన ఉంది. అయితే రెండూ చేసిన పని ఒక్కటే. కష్టం ఎవరిదో, కారణం ఎవరో తేల్చి, చెప్పినవానిని మాత్రం ఒడ్డున కూర్చోబెట్టాయి.

రెండవ మాట మొదటిదానికంటె ప్రమాదకరం. కర్మసిద్ధాంతాన్ని వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే అది ఉత్తమపురుషలో మాత్రమే ఉచ్చరించదగినది. "ఇది నా కర్మఫలం, దీనిని నేను దాటాలి" అని సాధకుడు తనకు తాను చెప్పుకుంటే అది బలమిస్తుంది. అదే వాక్యాన్ని ప్రథమపురుషలోకి మార్చి "అది వాని కర్మ" అన్న క్షణంలో శాస్త్రం శాపమై నిలుస్తుంది. పొరుగువాని పూర్వజన్మను చదవగలిగిన దృష్టి ఈ మాట అనేవారిలో ఎవరికున్నదో తెలియదు. క్రింది అంతస్తులో అద్దెకున్న చిరుద్యోగి మునిగినది పూర్వజన్మ పాపం వల్ల కావచ్చు, కాకపోవచ్చు. ఆ రాత్రి అతనికి మెట్ల మీదుగా మూటలు మోయడానికి రెండు చేతులు అవసరమైనది మాత్రం ఈ జన్మలోనే.

కార్యకారణాల విషయంలో గీత ఇంత తొందరపాటును ఎక్కడా అనుమతించలేదు. పదునెనిమిదవ అధ్యాయంలో భగవానుడు ఏ కర్మ సిద్ధించడానికైనా ఐదు కారణాలు చెప్పాడు: అధిష్ఠానం, కర్త, కరణాలు, వివిధ చేష్టలు, దైవం. దైవం ఐదవది. భాష్యకారులు అధిష్ఠానమనగా శరీరమని, కరణాలనగా ఇంద్రియాలని వివరించారు. సాధకునికి అదే ముఖ్యార్థం. అయినా ఆ విభాగాన్ని సరూర్‌నగర్ వరద మీద ఉంచి చూస్తే ఆశ్చర్యకరంగా అతుకుతుంది. అధిష్ఠానం పల్లపు నేల, ఒకనాటి నీటిదారి. కర్తలు ఒకరు కారు. అమ్మినవారు, అనుమతించినవారు, కొన్నవారు, చూసి ఊరకున్నవారు. కరణాలు తూములు, మత్తడులు, నాలాలు. చేష్టలు లెక్కకు మిక్కిలి: పూడిక తీయకపోవడం, నాలా మీద అరుగు కట్టుకోవడం, పూజాపుష్పాలను ప్లాస్టిక్ సంచిలో ముడివేసి ఆ నాలాలోనే జారవిడవడం. ఐదవది వాన. వానను మాత్రమే దూషించేవాడు ఐదింటిలో ఒకదానిని చూస్తున్నాడు. పాలకులను మాత్రమే దూషించేవాడు కర్తలలో ఒక వర్గాన్నే చూస్తున్నాడు. ఆ వెంటనే భగవానుడు మరొక హెచ్చరిక కూడా చేశాడు: తానొక్కడే కర్తనని భావించేవాడు కూడా సరిగా చూడనివాడే. కనుక సర్వదోషాన్ని నెత్తిన వేసుకుని కుమిలిపోవడం శాస్త్రం కోరినది కాదు. ఐదింటిలో తన చేతికి అందేది ఏదో గుర్తించమనడమే ఆ బోధ నుండి గ్రహించదగినది.

ఇక్కడ సహజంగా ఒక ఆక్షేపణ వస్తుంది. తప్పు చేసినవాడు ఉండగా తప్పు చేయనివాడు భారం మోయడం ఏ న్యాయం? ఆక్షేపణ బలమైనదే. దీనికి రామాయణం తర్కంతో కాక ఒక మనిషితో సమాధానమిచ్చింది.

భరతుడు మాతామహుని గృహం నుండి అయోధ్యకు వచ్చేసరికి సర్వం జరిగిపోయింది. తండ్రి లేడు, అన్న అడవిలో ఉన్నాడు. ఆ నేరంలో భరతునికి అణుమాత్రం భాగం లేదు. పైగా అందరూ అతనినే శంకించారు: కౌసల్య శంకించింది, గుహుడు శంకించాడు, భరద్వాజ మహర్షి కూడా ఒక మాట అడగకుండా ఉండలేదు, చిత్రకూటంలో సేనను చూసి లక్ష్మణుడు ధనుస్సు అందుకోబోయాడు. భరతునికి కోపం రాలేదనుకుంటే పొరపాటు. తల్లిని తీవ్రంగా నిందించాడు. శత్రుఘ్నుడు మంథరను ఈడ్చుకువచ్చినపుడు నిందకు కావలసిన పాత్ర కూడా చేతికి చిక్కింది. దోషి ఎవరో తెలిసింది, దొరికింది. అక్కడే కథ మలుపు తిరిగింది. భరతుడు తమ్ముని వారించాడు, మంథరను విడిపించాడు.

ఆ తరువాత అతడు చేసిన పనిని వాల్మీకి ఎంతో శ్రద్ధగా వర్ణించాడు, పారాయణంలో ఆ సర్గను త్వరగా దాటేస్తారు గానీ. భూమి లక్షణం తెలిసినవారిని, త్రవ్వేవారిని, వడ్రంగులను పిలిపించి అడవిలోకి బాట వేయించాడు. మిట్టలు చదును చేశారు, గుంటలు పూడ్చారు, నీరు లేని చోట నీటి వసతి కల్పించారు. అన్నను తిరిగి పిలవడానికి వెళ్ళేవాడు ముందు చేసినది మార్గం వేయడం. రాముడు రాలేదు. అప్పుడూ భరతుడు "నేను చేయగలిగినది చేశాను" అని చేతులు దులుపుకోలేదు. పాదుకలను శిరసున ధరించి నందిగ్రామంలో పదునాలుగేండ్లు తనది కాని రాజ్యాన్ని, తనది కాని దోషానికి పర్యవసానంగా, నారచీరలతో మోశాడు. రాముడు తిరిగివచ్చిన దినాన కోశం, ధాన్యాగారం, సైన్యం పదిరెట్లయ్యాయని లెక్క అప్పగించాడు. భరించడమనే అర్థం గల ధాతువు నుండే అతని పేరు, భారమనే మాట రెండూ పుట్టాయి.

దీనికి ఎదురుగా ధృతరాష్ట్రుడున్నాడు. యుద్ధవార్తలు వింటున్నంతసేపు ఒకసారి దుర్యోధనుని, ఒకసారి విధిని తప్పుపట్టాడు. ఈ అనర్థానికి మూలం నీవేనని సంజయుడు పలుమార్లు గుర్తుచేయవలసి వచ్చింది. ఆ వృద్ధరాజు చెప్పిన కారణాలలో అసత్యం తక్కువే. దుర్యోధనుడు దుష్టుడు, విధి బలీయం. సత్యాలే చెబుతూ కూడా మనిషి తప్పించుకొనగలడు.

ఋణత్రయ భావన కూడా ఈ దారిలోనిదే. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం, వీటిని ఏ శిశువూ అడిగి తీసుకోలేదు. తప్పు చేయకుండానే మోయవలసినవి ఉంటాయని వైదికధర్మం జన్మతోనే నేర్పింది. ఆ ఋణాన్ని తీర్చే మార్గాలలో పూర్తకర్మ ఒకటి: బావులు, తటాకాలు త్రవ్వించడం, తోటలు వేయించడం. తెలుగువారి సప్తసంతానాలలో పుత్రునితో పాటు తటాకం కూడా ఉంది. సరూర్‌నగర్ చెరువు కుతుబ్‌షాహీల కాలపు సంతానం. త్రవ్వించినవారి మతం అడిగి అది ఎన్నడూ నీరివ్వలేదు. పూర్వం ప్రతి చెరువుకూ ఒక నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు తీయాలో, కట్ట ఎక్కడ బలహీనంగా ఉందో చూడడం అతని కులవృత్తి, అతని మాన్యం. నేడు చెరువుకు శాఖలు అనేకం ఉన్నాయి, నీరటి లేడు.

1908 సెప్టెంబరు 28న మూసీ నగరాన్ని ముంచినపుడు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ నదికి పసుపు కుంకుమలు, పట్టుచీర సమర్పించి హారతిచ్చాడని జనశ్రుతి. ఆ మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించినది మాత్రం చరిత్ర. ఎగువ చెరువులెన్నో తెగిపోవడం ఆ విలయానికి తోడైందని పరిశీలనలో తేలింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. హారతి వ్యర్థమని ఇందువల్ల తేలదు. హారతి ఇచ్చిన చేయి అక్కడితో ఆగలేదన్నదే చెప్పుకోవలసినది.

అధికారులను ప్రశ్నించడం తప్పన్నది కూడా ఈ విచారణ సారాంశం కాదు. చెరువు హద్దులు ఎక్కడ, నాలా విస్తరణ ఏ దశలో ఆగింది అని సర్వే పటంతో అర్జీ పట్టుకుని మూడుసార్లు కార్యాలయం మెట్లెక్కిన విశ్రాంత ఉద్యోగి నింద చేయడం లేదు, బాట వేస్తున్నాడు. అటువంటివారు ప్రతి కాలనీలో ఒకరిద్దరు ఉంటారు. పొరుగువారు వారిని సాధారణంగా చాదస్తులంటారు.

భక్తజనానికి అంతకంటె సమీపంలో ఒక పని ఉంది. తూర్పు హైదరాబాదులో వేలాది గణపతులు సరూర్‌నగర్ చెరువుకే వెళతారు. ఒండ్రుమట్టితో చేసిన మూర్తి జలంలో కరిగి జలాధారానికే తిరిగిపోవడం నిమజ్జనంలోని తత్త్వం. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అట్లు కరగదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాలలో దానిని నిషేధించింది. నిమజ్జనం మరునాడు గట్టున నిలిచి, విరిగిన తొండాలను, ఇనుపచువ్వలను చూసి "ఈ చెరువును పట్టించుకునేవారే లేరు" అని నిట్టూర్చే భక్తుడు ఆ నీటిలో తన వీధి విగ్రహాన్ని కూడా గుర్తుపట్టగలడు.

ఆషాఢంలోనే మండప సంఘాలు చందాపుస్తకాలు అచ్చు వేయిస్తాయి, విగ్రహానికి బయానా ఇస్తాయి. ఎంత ఎత్తు, ఏ మట్టి అన్నది ఆ సాయంత్రమే, పదిమంది కూర్చున్న చోట, ఒకరు నోరు విప్పితే నిర్ణయమౌతుంది.