అటక మీది క్యాసెట్లు

పాత వీసీఆరు బొమ్మ ఒకటి పెట్టి, దాని కింద "ఆ రోజులే వేరు" అని రెండు వాక్యాలు వ్రాస్తే చాలు, మెచ్చుకొనేవారికి కొదువ ఉండదు. డాబా మీద యాంటెన్నా త్రిప్పడం, కింద నుంచి "వచ్చింది, వచ్చింది" అని కేకలు వేయడం, ఆదివారం ఉదయం రామాయణం వేళకు వీధులు నిర్మానుష్యం కావడం - ఇవన్నీ ఇంతకుముందే ఎందరో వ్రాశారు. నేను మళ్ళీ వ్రాయను. ఆ యంత్రం మీద ఇంత మమకారం కురిపిస్తున్న మనం, దాని కడుపులో దాచుకొన్నవాటిని ఏం చేశామన్నదే నా ప్రశ్న. నాకు కొంచెం కోపం కూడా ఉంది. అందులో సగం నా మీదనే.

మా ఉదయగిరి సంగతి తెలియనివారికి ఒక మాట. మూడు వేల అడుగులకు పైబడిన దుర్గం ఊరికి గోడలా నిలిచి ఉంటుంది. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి దానిని గెలుచుకోవడానికి ఏడాదిన్నర ముట్టడి వేయవలసి వచ్చింది. దూరదర్శన్ తరంగాలకూ ఆ కొండ అంత సులభంగా లొంగలేదు. హైదరాబాదు కేంద్రం 1977లో మొదలైనా అది మాకు అందేది కాదు. నెల్లూరులో పొడుగాటి గొట్టాలు పాతి మద్రాసు కేంద్రాన్ని పట్టుకొనేవారు. మాకు ఆ అరవ వార్తలూ ఏనాడో గాని కనిపించేవి కావు. అందువల్ల మా మెట్టప్రాంతంలో ముందు టీవీ, తరువాత వీసీఆరు అన్న క్రమం లేదు. కువైటు నుంచి వచ్చినవారు నేషనల్ డెక్కో, అకాయ్ డెక్కో తెచ్చుకొంటే, దానికి బొమ్మ చూపడానికి ఒక టీవీ కావలసి వచ్చింది. మాకు టీవీ డెక్కుకు పరిచారికగా వచ్చింది.

ఆత్మకూరులో నేను పనిచేసే రోజుల్లో రాత్రికి టీవీ, డెక్కు, మూడు సినిమాలు కలిపి అద్దెకిచ్చే దుకాణాలు ఉండేవి. కరెంటు పోతుందని కొందరు బ్యాటరీ కూడా తెచ్చుకొనేవారు. పల్లెల్లో ఇంటింటా చందా వేసుకొని, రచ్చబండ మీద తెల్లవారేదాకా చూసేవారు. ఒక పల్లెలో శ్రీరామనవమికి ఏటా వచ్చే హరిదాసుగారిని ఆ యేడు వద్దనుకొని వీడియో తెప్పించారు. ఆయన సంగతి తెలియక సాయంకాలపు బస్సులో రానే వచ్చారు. ఏం చేస్తారు పాపం, గజ్జెల సంచి పక్కన పెట్టుకొని ఆయనా మాతోపాటు కూర్చొని సినిమా చూశారు. "ఆ రోజులే వేరు" అన్నమాట వినిపించినప్పుడల్లా నాకు ఆ సంచి గుర్తుకు వస్తుంది.

అయితే ఆ డెక్కు నాకు చేసిన ఉపకారాన్ని దాచను. 1957 నాటి మాయాబజారును అంతకుముందు రెండు మూడుసార్లు హాలులో చూసి ఉంటాను. క్యాసెట్టు చేతికి వచ్చాకనే, పింగళి నాగేంద్రరావుగారి మాటను ఆపి, వెనక్కు త్రిప్పి, మళ్ళీ వినే భాగ్యం కలిగింది. అదివరకు సినిమా ప్రవాహం వంటిది. మన కోసం ఆగదు. క్యాసెట్టుతో అది పుస్తకమయింది. తొమ్మిదో తరగతి పిల్లలకు సంధులు చెప్పడానికి నేను నర్తనశాల సంభాషణలు వాడుకొన్నాను. పరీక్షలో ఒకడు ఉదాహరణకు ఆ వాక్యమే వ్రాశాడు. మార్కులు వేశాను.

ఇక అసలు సంగతి. 1991లో మా చెల్లెలి పెండ్లి ఉదయగిరిలో జరిగింది. వీడియో తీయించాము. భోజనాలయ్యాక ఎవరో బలవంతపెట్టగా మా నాయన పోతన భాగవతం నుంచి గజేంద్రమోక్షం పద్యాలు చదివారు. ఆయనకు బడిచదువు తక్కువ; భాగవతం మాత్రం కంఠస్థం. ఆ క్యాసెట్టు మా ఇంట్లో ఉండేది. వీహెచ్ఎస్ క్యాసెట్టు వెన్ను మీద ఎడమ మూలన చిన్న ప్లాస్టిక్ పలుకు ఉంటుంది. దానిని విరిచేస్తే దాని మీద మరేదీ రికార్డు కాదు. మా క్యాసెట్టుకు అది విరిచే ఉంది. ఆ సందుకు సెల్లోటేపు అంటిస్తే యంత్రం మోసపోయి మళ్ళీ రికార్డు చేస్తుందని అప్పటికి అందరికీ తెలుసు. 1996 ప్రపంచకప్పు ఫైనలు నాడు ఖాళీ క్యాసెట్టు దొరకలేదు. చీటీ ఊడిపోయిన ఒక దానికి నేనే సెల్లోటేపు అంటించాను. లాహోరులో శ్రీలంక గెలిచింది. మూడోనాడు నాయన ఆ క్యాసెట్టు చూద్దామని కూర్చొని, క్రికెట్టు కనబడితే, "ఇదేందబ్బయా, మన పెండ్లి యాడబోయ?" అని అడిగారు. నేను చెప్పాను. ఆయన, "పోనీలే, పద్యాలు యాడికి బోతయి" అన్నారు. ఆయన 1998లో పోయారు.

తాటాకుల సంగతి మన పెద్దలకు బాగా తెలుసు. ఆకు పురుగు తింటుందని, చివుకుతుందని తెలిసే, తరానికొకసారి కొత్త ఆకుల మీదికి ఎక్కించుకొన్నారు. మా కొండలకు అవతల కడపలో బ్రౌనుదొర పండితులను పెట్టి చేయించిన పని కూడా, గ్రంథాలు ప్రోగుచేయడంతో ఆగక, కాగితాల మీదికి ఎక్కించి పాఠాలు సరిచూడటం. ఆకు మీద ప్రేమతో అటక మీద పెట్టి ఊరుకొని ఉంటే మనకు ఏమి మిగిలేది? మనం క్యాసెట్ల విషయంలో సరిగ్గా అదే చేశాము. ప్లాస్టిక్ పెట్టె గట్టిగా కనబడింది గదా, లోపలిదీ గట్టిదే అనుకొన్నాము.

లోపల ఉన్నది అర అంగుళం వెడల్పు రిబ్బను. అది సెకనుకు రెండు సెంటీమీటర్లకు కొంచెం పైగా నడుస్తుంది. అంత మందగతిలో బొమ్మ నిలవదు కనుక, వాలుగా కూర్చిన డ్రమ్ము నిమిషానికి 1500 సార్లు తిరుగుతూ ఏటవాలు గీతలుగా వ్రాసుకొంటూ పోతుంది. ఒక్కొక్క గీత వెంట్రుక కంటె సన్నం. తేమ తగిలి తెల్లని బూజు పట్టిందా, ఆ గీతలు పోయినట్టే. బూజు పట్టినదాన్ని ఆత్రంతో డెక్కులో వేస్తే డెక్కు హెడ్డూ పాడై, తరువాత వేసే మంచి క్యాసెట్టుకూ ఆ బూజే అంటుకొంటుంది. చదివే యంత్రమా, ఇక రాదు. బీటామాక్స్ క్యాసెట్ల తయారీని సోనీ 2016 మార్చిలో ఆపింది. అదే యేడు జూలైలో జపానుకు చెందిన ఫునాయ్ సంస్థ చిట్టచివరి వీసీఆర్ల తయారీని ముగించింది. తాటాకు చదవడానికి కళ్ళుంటే చాలు. దీనికి అది కూడా చాలదు.

యంత్రాన్ని అద్దాల బీరువాలో పెట్టుకొనేవారిని చూస్తే గంటాన్ని పూజించి గ్రంథాన్ని చెదలకు వదిలినట్టు ఉంటుంది నాకు. ఆ తరంలో అష్టావధానాలు, పురాణాలు, ఊరి నాటకాలు, మన తాతల మాట తీరు - వీటిలో చాలా భాగం ఏ ప్రభుత్వ భాండాగారంలోనూ లేదు. అద్దె కెమెరావాడు పెండ్లిలో పక్కకు తిరిగినప్పుడు పడిన బొమ్మల్లోనే ఉన్నది. సినిమాలు మళ్ళీ దొరుకుతాయి. వాటి కోసం ఎవరూ కంగారుపడనక్కరలేదు.

నా తప్పుకు కొంత పరిహారం దొరికింది. మా చెల్లెలి అత్తగారింటికి అప్పట్లో ఒక ప్రతి ఇచ్చి ఉన్నాము. ఆత్మకూరులో వాళ్ళ అటక మీద, పాత పంచాంగాల కింద అది కనిపించింది. చుట్టకు ఒక వైపంతా బూజు. నెల్లూరులో ఒక స్టూడియో కుర్రవాడు మరలు విప్పి, గజాల కొద్దీ తుడిచి, కంప్యూటరులోకి ఎక్కించి ఇచ్చాడు. బొమ్మ నిండా మంచు. నాయన ముఖం ఒక పక్క తెలుస్తుంది, మాట తెలుస్తుంది. ఆయనది గంభీరమైన గొంతని ఇన్నాళ్ళూ అందరికీ చెబుతూ వచ్చాను. కాదు. సన్నని గొంతు, కొంచెం వణుకు. మూడో పద్యం నడుమ కరెంటు పోయింది. చీకట్లో ఒకటి రెండు క్షణాలు ఆయన ఆపకుండా చదువుతూ ఉండటం వినిపిస్తుంది. అంతలో కెమెరా ఆగింది.

వచ్చే వారం మళ్ళీ నెల్లూరు పోతున్నాను. బంధువుల ఇండ్లలో అడిగితే మరి ఆరు క్యాసెట్లు తేలాయి. నాలుగు వీహెచ్ఎస్, రెండు బీటామాక్స్. ఆ రెంటికీ డెక్కు దొరకలేదు. మీలో ఎవరి ఇంట్లోనైనా నడుస్తున్న బీటామాక్స్ డెక్కు ఉంటే కబురు చేయండి, నేనే పట్టుకొని వస్తాను.