కొబ్బరి చెట్టు విరగని గేమ్‌లో రియలిజం ఏటి?

ఈమధ్య ఏ ఖరీదైన ఫోన్ లాంచ్ చూసినా 'రే ట్రేసింగ్' అన్న మాట వినిపిస్తోంది. 2022 చివర్లో స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 2లోకి, 2023లో ఏ17 ప్రో చిప్‌తో ఐఫోన్ 15 ప్రోలోకి వచ్చింది. వెలుగు ఎక్కడ తగిలి ఎటు తిరుగుతుందో లెక్కగట్టి నీడల్నీ ప్రతిబింబాల్నీ గీయడమే దీని పని. బాగుంటుంది, కాదనను. కానీ గేమ్‌ల భవిష్యత్తు ఇదేనంటే మాత్రం ఒప్పుకోను.

ముందు మన లెక్కలో చూద్దాం. 60 ఎఫ్‌పీఎస్ రావాలంటే ఒక్కో ఫ్రేమ్‌ని చిప్ దాదాపు 16.7 మిల్లీసెకన్లలో గీసెయ్యాలి. మే నెల ఉక్కపోతలో, కరెంట్ పోయిన గదిలో, శ్రీకాకుళంలో కూర్చుని ఆడితే ఆ వేగం ఎంతసేపు నిలుస్తుంది? వేడెక్కగానే ఫోన్ తనంతట తనే స్పీడ్ తగ్గించేసుకుంటుంది, బ్రైట్‌నెస్ కూడా దించేస్తుంది. ఏసీ గదిలో తీసిన బెంచ్‌మార్క్ అంకెలతో మనకేం పని? బీజీఎంఐ ఆడే కుర్రాడికి నీటిలో ప్రతిబింబం కంటే అరగంట తర్వాత కూడా గేమ్ జెర్క్ అవకపోవడమే కావాలి.

పీసీలో ఇంకో కథ. 2025లో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తో వచ్చిన డీఎల్‌ఎస్‌ఎస్ 4, నిజంగా గీసిన ఒక్కో ఫ్రేమ్‌కి ఏఐతో మూడు ఫ్రేమ్‌ల దాకా కలపగలదు. అంటే నాలుగింట మూడు ఊహే! కంటికి స్మూత్‌గానే ఉంటుంది. బటన్ నొక్కితే వచ్చే స్పందన మాత్రం అసలు ఫ్రేమ్‌ల వేగం మీదే ఆధారపడుతుంది.

నా అసలు గొడవ వేరే. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. ఏళ్ల తరబడి పెంచుకున్న చెట్లు ఒక్క పూటలో పోయాయి. ఇప్పుడు గేమ్‌ల వైపు చూడండి. 2020లో వచ్చిన 'ఘోస్ట్ ఆఫ్ సుషిమా'లో గాలే దారి చూపిస్తుంది, గడ్డి ఎంత అందంగా ఊగుతుందో! కానీ చాలా గేమ్‌లలో చెట్టు ఊగడం అనేది ముందే రాసిపెట్టిన కదలిక. ఆ చెట్టుకి బరువుండదు, వేరుండదు, ఎంత గాలికి విరగాలో తెలీదు.

ఇది చేతకాక కాదు, ఖర్చెక్కువ. వెయ్యి చెట్లలో ఏది ఎక్కడ విరిగిందో లెక్కగట్టాలి, గుర్తుంచుకోవాలి, మల్టీప్లేయర్ అయితే అందరి స్క్రీన్ మీదా ఒకేలా పడాలి. 2023లో వచ్చిన 'ది ఫైనల్స్' బిల్డింగులు కూలే లెక్కని ప్లేయర్ మెషీన్‌లో కాకుండా సర్వర్‌లో చేస్తోంది. ఫోన్ గేమ్‌లకీ ఇదే సరైన దారని నా అభిప్రాయం. ఫోన్ వేడెక్కే పని కొంత తగ్గుతుంది. కాకపోతే నెట్‌వర్క్ గట్టిగా ఉండాలి, మన పల్లెల్లో అదో తలనొప్పి.

రెండోది, ఎవరి ఊరు గేమ్‌లోకి ఎక్కుతుందన్నది. 2014లో వచ్చిన 'అసాసిన్స్ క్రీడ్ యూనిటీ' కోసం ప్యారిస్‌లోని నోట్రెడామ్‌ని ఎంతో శ్రమపడి కట్టారు. 2019లో ఆ చర్చి కాలినప్పుడు లోకమంతా ఆ గేమ్ గురించే మాట్లాడింది. మన శాలిహుండం బౌద్ధ స్తూపాలు, బొబ్బిలి కోట ఏ గేమ్‌లో ఉన్నాయి? విజయనగరంలో సిరిమాను కొసన పూజారి కూర్చుని ఊరేగే దృశ్యాన్ని వేరే దేశంలో కూర్చున్న ఆర్టిస్టు ఎలా ఊహిస్తాడు?

దానికి ఇప్పుడు పెద్ద స్టూడియో అక్కర్లేదు. 2023లో వచ్చిన గాసియన్ స్ప్లాటింగ్ పద్ధతితో, ఫోన్‌లో తీసిన వీడియో నుంచే ఒక చోటుని 3డీలోకి దించొచ్చు. మీరూ ట్రై చేయండి. మబ్బు పట్టిన రోజు చూసుకుని, మెల్లగా చుట్టూ తిరుగుతూ తీయండి. ఎండలో తీస్తే ఆ నీడలే స్కాన్‌లో అతుక్కుపోతాయి, తర్వాత లైటింగ్ మార్చడం చాలా కష్టం. గోడలకి అడ్డు తగిలే గుణం కూడా దానంతట అది రాదు, అన్‌రియల్ ఇంజిన్‌లోనో యూనిటీలోనో విడిగా పెట్టుకోవాలి. కాలేజీ ప్రాజెక్ట్‌కి ఆ పని చాలు.