డెల్టా కాళ్లు... ఎడారి బాట!

తెనాలి, బాపట్ల, రేపల్లె... ఈ మూడు ఊళ్లనీ కలుపుతూ ఓ గీత గీస్తే దారిలో ఎక్కడా కొండన్నది తగలదు. కొండెక్కాలని మనసైతే మంగళగిరి వెళ్లాలి, లేదంటే కోటప్పకొండ. ఇక్కడివాళ్లకి నడక అంటే తెనాలిలో కాలవ గట్టు, రేపల్లె వైపు కృష్ణ కరకట్ట, బాపట్లవాళ్లకి సూర్యలంక ఇసుక. అంతా చదునే!

అలాంటి ఊళ్లలో పుట్టి పెరిగిన పిల్లలు ఉద్యోగమొచ్చి అమెరికాలోని అరిజోనా రాష్ట్రం చేరితే? ఫీనిక్స్ నగరం పక్కనే ఉన్న చాండ్లర్‌లోనో గిల్బర్ట్‌లోనో కొత్త ఇల్లు కొనుక్కుంటే? గృహప్రవేశం అయిన వారానికే అర్థమవుతుంది, అక్కడ శని, ఆదివారాల్లో జనానికి ఉన్న పెద్ద కాలక్షేపం ఏమిటో. సోమవారం ఆఫీసుకెళ్తే ‘సినిమా చూశావా’ అని కాదు, ‘ఏ ట్రయల్‌కి వెళ్లావు’ అని అడుగుతారు. ట్రయల్ అంటే కొండల్లో, ఎడారిలో నడవడానికి ఏర్పాటు చేసిన కాలిబాట. నగరం మధ్యలోనూ, చుట్టూ కూడా అలాంటి బాటలు కొల్లలు. సౌత్ మౌంటెన్ పార్కు ఒక్కటే పదహారు వేల ఎకరాల పైన ఉంటుంది.

ఎడారి అనగానే మనకు సినిమాల్లో చూసిన ఇసుక దిబ్బలు గుర్తొస్తాయి. ఫీనిక్స్ చుట్టూ ఉన్న సొనోరన్ ఎడారి అలా ఉండదు. అది రాళ్ల ఎడారి, పచ్చని ఎడారి. మన పొలం కంచెల మీద కనిపించే నాగజెముడు జాతే అక్కడ మహావృక్షమై నిలబడుతుంది. ‘సవారో’ అనే ఆ జెముడు నలభై అడుగుల దాకా పెరుగుతుంది. చేతిలాంటి మొదటి కొమ్మ రావడానికే యాభై నుంచి డెబ్భై అయిదేళ్లు పడుతుంది. అంటే చేతులు చాచి నిలబడ్డ సవారో ఏదైనా సరే, ఇంటికొచ్చిన అమ్మానాన్నల కంటే పెద్దదే కావచ్చు!

కాలవ గట్టు అక్కడా ఉంది

కొత్తగా వెళ్లినవాళ్లు మొదలుపెట్టాల్సింది కొండతో కాదు, కాలవతో. ఆశ్చర్యంగా ఉన్నా ఫీనిక్స్ కూడా మన తెనాలిలాగే కాలవల ఊరు. హోహోకామ్ అనే ప్రాచీన ప్రజలు సాల్ట్ నది నుంచి వందల మైళ్ల కాలవలు తవ్వి, 1450 ప్రాంతం వరకూ అక్కడ వ్యవసాయం చేశారు. తర్వాత ఆ ఊళ్లు ఖాళీ అయిపోయాయి. 1867లో వచ్చిన కొత్త వలసదారులు ఆ పాత కాలవల జాడలు పట్టుకునే మళ్లీ నీళ్లు పారించారు. బూడిదలోంచి లేచిన పక్షి పేరు ఆ ఊరికి పెట్టడానికి కారణమదే. ఇప్పుడక్కడ దాదాపు 210 కిలోమీటర్ల పొడవున పెద్ద కాలవలున్నాయి. వాటి గట్ల మీద పొద్దున్నే జనం నడుస్తూ, పరిగెత్తుతూ, సైకిళ్లు తొక్కుతూ కనిపిస్తారు. 1850ల్లో కృష్ణకు ఆనకట్ట కట్టాక వచ్చిన కాలవల పక్కన పెరిగినవాళ్లకి ఇంతకంటే సొంతూరిలా అనిపించే చోటు అరిజోనాలో మరొకటి దొరకదు. ఎత్తు పల్లాలుండవు. మోకాళ్ల నొప్పులున్న అమ్మలు కూడా హాయిగా నడవచ్చు.

గిల్బర్ట్‌లోని రిపేరియన్ ప్రిజర్వ్ కూడా ఇలాంటిదే. శుద్ధి చేసిన మురుగునీటిని చెరువుల్లో నింపి భూమిలోకి ఇంకిస్తారు. ఆ చెరువులకు కొంగలు, బాతులు, రకరకాల వలస పిట్టలు వస్తాయి. నిజాంపట్నం మడ అడవుల వైపు పక్షుల్ని చూసిన రేపల్లెవాళ్లకి మంచి కాలక్షేపం.

ఆపై మెట్టు శాన్ టాన్ కొండలు. ఇక్కడి బాటలు కొన్ని చోట్ల ‘వాష్’లను దాటుతూ సాగుతాయి. వాష్ అంటే ఎండిపోయిన వాగు. అందులో అంతా వదులు ఇసుకే. సూర్యలంకలో పొడి ఇసుక మీద చెప్పులు చేతబట్టుకుని నడిచినప్పుడు పిక్కలు ఎలా పట్టేస్తాయో తెలుసుగా... అచ్చంగా అంతే. అయితే ఒక్క తేడా ఉంది. కృష్ణకు వరదొస్తే ప్రకాశం బ్యారేజీ గేట్లెత్తారన్న కబురు ముందే వస్తుంది, లంకవాళ్లు సర్దుకుంటారు. వాష్‌కి ఆ మర్యాద లేదు. జులై, ఆగస్టుల్లో ఎక్కడో దూరపు కొండ మీద వాన పడితే, నెత్తిన ఎండ కాస్తుండగానే ఇక్కడికి నీళ్లు దూకుతాయి. అడ్డంగా పెట్టిన బారికేడ్లను తప్పించి మరీ నీళ్లలోకి కారు తోలినవాళ్ల దగ్గర, వాళ్లను కాపాడిన ఖర్చు వసూలు చేసే చట్టం కూడా అరిజోనాలో ఉంది. దానికి జనం పెట్టుకున్న పేరు ‘తెలివితక్కువ డ్రైవర్ చట్టం’!

ఇక అందరి కళ్లూ ఉండేది క్యామెల్‌బ్యాక్ మీద. కూర్చున్న ఒంటెలా కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు. నగరం నడిబొడ్డున ఉంది. శిఖరం ఎత్తు 2,700 అడుగుల పైచిలుకు. ఎకో కెన్యన్ వైపు నుంచి పైదాకా దూరం సుమారు రెండు కిలోమీటర్లే. ఇక్కడే చాలామంది మోసపోతారు. ‘రోజూ కాలవ గట్టున నాలుగు కిలోమీటర్లు నడుస్తాం, రెండు ఒక లెక్కా’ అనుకుంటారు. ఆ రెండు కిలోమీటర్లలోనే దాదాపు 390 మీటర్లు పైకెక్కాలి. పైదాకా మెట్లుండవు. కొన్నిచోట్ల ఇనుప కమ్మీలు పట్టుకుని, కొన్నిచోట్ల చేతులూ కాళ్లూ ఉపయోగించి బండల మీద పాకాలి. ట్రయల్ ఎంత పొడవన్నది కాదు, ఎంత ఎత్తు ఎక్కిస్తుందన్నదే చూడాలి. నగరపాలక సంస్థ తేలిక నుంచి అతి కష్టం దాకా గ్రేడ్లు ఇచ్చింది. ఎకో కెన్యన్‌ది అందులో చిట్టచివరి గ్రేడు. ఆ గ్రేడ్లు ఇచ్చింది కూడా చల్లటి పూట ఎక్కేవాళ్లను దృష్టిలో పెట్టుకునే అనుకోవాలి. ఎండ ముదిరితే తేలిక బాట కూడా కష్టమైన బాటే.

‘మాకు ఎండలు కొత్తా?’

అసలు చిక్కు కొండ ఎత్తుతో కాదు, మన ధీమాతో. ‘ఇక్కడ ఎండలు ఎక్కువ నాన్నా, జాగ్రత్త’ అని ఫోన్లో కూతురు అంటే చాలు... ‘రోళ్లు పగిలే రోహిణి కార్తెలో రేపల్లె నుంచి నిజాంపట్నం దాకా సైకిలు తొక్కినవాణ్నమ్మా నేను’ అనే నాన్నలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఆ సైకిలు అబద్ధం కాదు. కానీ ఆ ఎండ వేరు, ఈ ఎండ వేరు.

బాపట్లలో మే నెల మధ్యాహ్నం గుర్తుచేసుకోండి. చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది, నుదుటి మీద నుంచి ధారలు. సముద్రం పక్కనే ఉండటంతో గాలి నిండా తేమ ఉంటుంది, చెమట ఆరదు. ఉక్కపోత చిరాకే కానీ అది మనకో గడియారం. ‘ఇక చాలు, చెట్టు కిందికి పద, మజ్జిగ తాగు’ అని చెబుతుంది. ఫీనిక్స్‌లో జూన్ మధ్యాహ్నాలు గాల్లో తేమ పది పదిహేను శాతానికి పడిపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది. ‘ఇక్కడ అసలు ఉక్కే లేదు, మన దగ్గరకంటే నయం’ అంటారు కొత్తగా వెళ్లినవాళ్లు. చెమట పట్టక కాదు... పట్టింది పట్టినట్టే ఆవిరైపోతుంది! ఒంట్లో నీళ్లు పోతున్న సంగతి ఒంటికే తెలియదు. దాహం వేసేసరికి ఆలస్యమైపోతుంది. పైగా దారిలో నీడ ఉండదు. రాళ్లు కాగి కింద నుంచి కూడా సెగ కొడతాయి.

అంకెలు చూస్తే సంగతి తెలుస్తుంది. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజుల పాటు 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి, అంటే 43 డిగ్రీల సెల్సియస్‌కి పైనే నమోదైంది. నగరం ఉన్న మారికోపా కౌంటీలో ఆ ఏడాది వేడి వల్ల 645 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది కొండలెక్కినవాళ్లు కాదు, నిలువనీడ లేనివాళ్లు, ఇంట్లో ఏసీ సరిగా లేనివాళ్లు. అయినా ట్రయల్స్ మీద పోయే ప్రాణాలు ఏటా ఉంటూనే ఉన్నాయి. 2015 వేసవిలో ఎండదెబ్బకి మన రాష్ట్రంలోనే వెయ్యి మందికి పైగా చనిపోయిన సంగతి మరిచిపోకూడదు. ఎండ అలవాటున్నవాళ్లం అన్న మాట మన దగ్గరే నిలవలేదు.

ఫీనిక్స్‌వాళ్లు కూడా ఈ పాఠం నెమ్మదిగానే నేర్చుకున్నారు. వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే కుక్కల్ని ట్రయల్ మీదికి తీసుకురాకూడదని 2016లో నిబంధన పెట్టారు. ఎండ హెచ్చరిక ఉన్న రోజుల్లో పగటిపూట మనుషులకు క్యామెల్‌బ్యాక్, పియెస్టెవా శిఖరాల దారులు మూసేయడం మొదలైంది 2021లో. కుక్కలకు దక్కిన రక్షణ యజమానులకు దక్కడానికి అయిదేళ్లు పట్టిందన్నమాట.

ఇక్కడ మన కుటుంబాలు చేసే పొరపాటు ఒకటుంది. అమ్మానాన్నల్ని ఎప్పుడు పిలిపించుకుంటారు? ఏప్రిల్, మే నెలల్లో. ‘ఆంధ్రాలో ఎండలు కదా, ఇక్కడికి వచ్చేయండి’ అని. అరిజోనా వరకూ ఇది తలకిందులు లెక్క. పొయ్యి మీద నుంచి పెనం మీదికి రమ్మన్నట్టే. దీపావళికి వచ్చి, శివరాత్రి నాటికి తిరిగి వెళ్లేలా టిక్కెట్లు తీసుకుంటే డిసెంబరు, జనవరి పగళ్లు ఇరవై డిగ్రీల సెల్సియస్ దగ్గర హాయిగా ఉంటాయి. ఆ రోజుల్లో తేలిక బాటలన్నీ చూడొచ్చు. వేసవిలో రాక తప్పకపోతే నడక సూర్యోదయానికి మొదలై, టిఫిన్ల వేళకి ముగిసిపోవాలి.

నీళ్ల లెక్క కూడా పక్కాగా ఉండాలి. గంటకు అర లీటరు నుంచి లీటరు. సీసాలో సగం అయిపోగానే, శిఖరం కనిపిస్తున్నా సరే, వెనక్కి తిరగాలి. ఒట్టి నీళ్లే తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు తగ్గి మరో ప్రమాదం. ఉప్పేసిన నిమ్మకాయ నీళ్లు, కాసిని జంతికలు సంచిలో ఉంటే మంచిది. బీపీకి వాడే కొన్ని మాత్రలు ఒంట్లో నీటిని బయటికి పంపిస్తాయి. అవి వేసుకునే పెద్దవాళ్లు ప్రయాణానికి ముందే ఊళ్లో డాక్టరుని అడిగి వెళ్లాలి. నడుస్తూ నడుస్తూ తలనొప్పి, వాంతి వచ్చేట్టుండటం, మాట తడబడటం కనిపిస్తే ఇక ఆలోచించొద్దు. నీడకు చేర్చి, బట్టలు తడిపి, 911కి ఫోన్ చేయడమే.

గ్రాండ్ కెన్యన్ సంగతి కూడా చెప్పుకోవాలి. అరిజోనా వెళ్లిన తెలుగువాళ్లలో దాన్ని చూడకుండా వచ్చేవాళ్లు అరుదు. అక్కడ లెక్క తిరగబడుతుంది. ముందు దిగుడు, తర్వాత ఎక్కుడు. దిగేటప్పుడు కాళ్లు వాటంతటవే పరిగెడతాయి, వెనక్కి ఎక్కేటప్పుడు రెట్టింపు సమయం పడుతుంది. అడుగున ఉన్న నది దాకా వెళ్లి అదే రోజు పైకి రావాలని చూడొద్దని పార్కువాళ్లు బోర్డులు పెట్టి మరీ చెబుతుంటారు.

వెళ్లే ముందు ఇక్కడే కాస్త సాధన చేయొచ్చు. రెండు నెలల ముందు నుంచి కరకట్ట వాలు మీద ఎక్కి దిగడం, వారానికోసారి సూర్యలంక ఇసుకలో అరగంట నడక, వీలైతే మంగళగిరి మెట్లు. కొత్త బూట్లు ఇక్కడే తొడిగి అలవాటు చేసుకుంటే అక్కడ పాదాలు బొబ్బలెక్కవు. ఎడారిలో పాములున్నాయి, తోకతో గిలక్కాయ మోగించే రకం. మన పొలం గట్ల మీద రక్తపింజరిని చూసి తప్పుకున్నట్టే తప్పుకుంటే చాలు. రాయి చాటున చేయి పెట్టే ముందు తొంగి చూడాలి.

ఇక సామాన్లలో ఎవరూ రాయని వస్తువు ఒకటుంది... దువ్వెన. ‘చోయా’ అనే జెముడు మొక్క ముద్దలు పక్కనుంచి వెళ్తే చాలు, ప్యాంటుకో పిక్కకో అంటుకుంటాయి. చేత్తో లాగితే చేతికీ గుచ్చుకుంటాయి. కాబట్టి పళ్లు దూరంగా ఉన్న దువ్వెన ముల్లు కిందికి పోనిచ్చి ఎగరేసినట్టు లాగేస్తారు అక్కడివాళ్లు. అందుకే నెత్తిన వెంట్రుక మిగలని నాన్నగారి జేబులోనూ అరిజోనాలో ఓ దువ్వెన కనిపిస్తుంది.