స్టార్లు ఏసీలకేనా? మన హాస్టల్ ఫ్యాన్ల సంగతేంది?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సీనియర్ అన్నలూ, అక్కలూ, పోస్టు కొంచెం పెద్దదే. ఓపిగ్గా చదవండి.

2001 ఇంధన పొదుపు చట్టం కింద బీఈఈ అనే సంస్థ వచ్చింది. ఫ్రిజ్‌లకు, ఏసీలకు స్టార్లు ఇచ్చేది అదే. 1600 గంటలకు ఏసీ ఎన్ని యూనిట్లు తాగుతుందో లేబుల్ మీదే ఉంటుంది. 2020 నుంచి కొత్త ఏసీ ఆన్ చేస్తే ముందు 24 డిగ్రీలే చూపాల. మంచి రూలే, కాదనం. కానీ మన తాండాల్లో ఏసీ ఎన్ని ఇళ్లల్లో ఉంది? మనకు చల్లగాలి అంటే ఫ్యానే.

అందుకే మనం పట్టుకోవాల్సిన రూల్ వేరే ఉంది. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు కూడా స్టార్ లేబుల్ తప్పనిసరి. పాత ఫ్యాన్ సుమారు 75 వాట్లు లాగుతుంది. బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 వాట్లు చాలు. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు ఒక్కో ఫ్యాన్ మీద 20 యూనిట్లు మిగులు. పది ఫ్యాన్లున్న హాలంటే 200 యూనిట్లు. ఎస్టీ ఇంటికి నెలకు ఇచ్చే ఉచిత కరెంటు అంత!

ఇంకో లాభం మనకే బాగా తెలుస్తుంది. లో వోల్టేజీలో పాత ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టొచ్చు. బీఎల్‌డీసీ స్పీడు పెద్దగా తగ్గదు. ఇన్వర్టర్ మీద కూడా రెట్టింపు సేపు తిరుగుతుంది. ఏప్రిల్ పరీక్షలప్పుడు రాత్రి నిద్ర పట్టిందా లేదా అన్నది మార్కుల్లో కనబడుతుంది.

"రేటు డబుల్ కదా" అంటారు. నిజమే, 1500 దాకా ఎక్కువ. యూనిట్ 7 రూపాయలనుకుంటే నెలకు 140 మిగులు, ఏడాదిలోపే ఆ డబ్బు తిరిగొస్తుంది. కానీ టెండర్‌లో తక్కువ రేటు ఒక్కటే చూస్తే ఒక స్టార్ ఫ్యానే వస్తుంది. అమ్మకానికి ఒక స్టార్ చాలు, కొనేటప్పుడు ఐదు స్టార్లు అడగాల్సింది ప్రభుత్వమే.

ఇది కొత్త విషయమేం కాదు. 2014 అక్టోబరులో రాష్ట్రంలో ఎల్‌ఈడీ బల్బుల పథకం మొదలైన నాలుగు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. బల్బు పది రూపాయలకే ఇచ్చినారు. ప్రభుత్వం ఒకేసారి లక్షల్లో కొంటే రేటు దిగుతుందని అప్పుడే చూసినాం.

ఎన్.పి.కుంట సోలార్, రామగిరి గాలిమరలు, అన్నీ మన ఎండా మన గాలే. ఆ కరెంటు పట్నం ఏసీలదాకా పోతోంది. మన గదిలో ఒక మంచి ఫ్యాన్ అడగడం గొంతెమ్మ కోరిక ఏం కాదు.

మీ హాస్టల్లో ఫ్యాన్లు ఎన్ని, వాటి మీద ఎన్ని వాట్లని రాసుందో చూసి కామెంట్లో పెట్టండి. అన్నీ కలిపి ఒకే అర్జీ రాద్దాం.