పదమూడో సంత

పోయిన నెల పిన్ని ఫోన్ చేసి, "చిన్నా, నీకు ఫోన్లో గంట కొట్టేవి చేయడం వచ్చు కదా, నాకోటి చేసిపెట్టు" అంది. పిన్ని ఏఎన్ఎం. భద్రాచలం దాటాక చర్ల వైపు, ఛత్తీస్‌గఢ్ అడవి మొదలయ్యే చోట ఓ సబ్‌సెంటర్‌లో పనిచేస్తుంది. దేనికి గంట అని అడిగా. "అంతర సూదికి" అంది. నేనప్పుడు మెట్రోలో ఉన్నా. పక్కనోళ్లకి వినపడిందేమోనని ఫోన్ చెవికి అదుముకున్నా. పిల్లలు పుట్టకుండా వేసే సూది గురించి పిన్నితో మాట్లాడాలంటే ఇరవై ఎనిమిదేళ్లొచ్చినా మనకి సిగ్గే.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. అంతర అంటే 2017 నుంచి ప్రభుత్వం ఉచితంగా వేస్తున్న ఇంజెక్షన్. మూడు నెలలకోసారి. దాంతోపాటే ఛాయ అని ఓ మాత్ర వచ్చింది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒక్కటి చాలు. హార్మోన్ లేని మందు, లక్నోలో మనవాళ్లు తయారుచేసిందే. కాపర్-టీ ఎలాగూ ఉంది. కాగితం మీద చూస్తే అన్నీ ఉన్నాయి. కానీ ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి అరవై మందికి పైగా కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. దేశం మొత్తమ్మీద ఆ లెక్క 38 దాకా ఉంది. మగవాళ్ల ఆపరేషనా? దేశంలో 0.3 శాతం. అంటే ఇప్పుడొద్దు, రెండేళ్లాగి కందాం అనుకునే ఆడపిల్లకి మనం చూపించే దారి చాలా సన్నం.

రెండు సాయంత్రాలు కూర్చుని రిమైండర్ తయారుచేశా. పేరు, సూది వేసిన తేదీ ఎక్కిస్తే తొంభయ్యో రోజుకి ముందు ఆమె ఫోన్‌కి తెలుగులో మెసేజ్ వెళ్తుంది. శుక్రవారం రాత్రి బస్సెక్కి, పొద్దున్నే గోదావరి బ్రిడ్జి దాటి, గొప్పగా పట్టుకెళ్లా.

పిన్ని చూసి నవ్వింది. "ఎవరి ఫోన్‌కి వెళ్తుందిరా ఇది?" గూడెంలో ఫోన్ ఉంటే మొగుడి దగ్గరుంటుంది. ఆయన మిరప తోటకి కూలికి పోతే ఫోనూ ఆయనతోనే పోతుంది. సిగ్నల్ కోసం గట్టెక్కాలి. పైగా అక్కడున్న గుత్తికోయ కుటుంబాలు సల్వాజుడుం రోజుల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి వలసొచ్చినవి. ఇంట్లో మాట్లాడేది కోయ భాష, నా మెసేజేమో తెలుగు. ఆఫీసులో అయితే దీన్ని యూజర్ రీసెర్చ్ చేయకుండా కోడ్ రాయడం అంటారు.

అప్పుడు చెప్పింది పిన్ని, గంట ఎందుకు అడిగిందో. ఇరవై రెండేళ్ల అమ్మాయి, ఇద్దరు పిల్లలు. మూడోది కొన్నాళ్లాగి కందామనుకుని తనే వచ్చి సూది వేయించుకుంది. రెండు సూదులు సరిగ్గా పడ్డాయి. మూడోది జులైలో వేయాలి. గడువు దాటినా నాలుగు వారాల వరకు వేయొచ్చు. కానీ ఆ వానలకి వాగు తగ్గలేదు, ఇవతలికి రావడానికి ఆమెకి దారి లేదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చిన సంగతి మీరు టీవీలో చూసే ఉంటారు. అంత వరద రాకపోయినా చిన్న వాగు చాలు, గూడెం దీవి అయిపోతుంది. నిజంగా దీవులే ఉన్న దేశాల్లో మందు రావాలంటే పడవ రావాలి. ఇక్కడ పడవ కూడా ఉండదు.

వాగు తగ్గి ఆమె వచ్చేసరికి నెల తప్పింది. 20 వారాల లోపు ఒక్క డాక్టర్ అభిప్రాయంతో చట్టప్రకారం తీయించుకోవచ్చని పిన్ని చెప్పింది. ఆమె ఉంచుకుంది. కాన్పయ్యాక ఇంట్లోవాళ్లు ఆపరేషన్ చేయించేశారు. "ఎడం కావాలని అడిగిన పిల్లకి చివరికి ఆపరేషనే దక్కింది" అంది పిన్ని. ఆ మాట అంటున్నప్పుడు ఆమె నా మొహం వైపు చూడలేదు.

వాగొక్కటే కాదు, భయం కూడా ఉంది. అంతర వేసుకుంటే మొదట్లో నెలసరి అస్తవ్యస్తమవుతుంది, కొందరికి పూర్తిగా ఆగిపోతుంది. ప్రమాదం లేదు. కానీ ముందే ఎవరూ చెప్పకపోతే, కడుపులో రక్తం గడ్డకట్టిందని అత్త అంటుంది, అంతే, రెండో సూదికి మనిషి రాదు. ఆపేశాక మళ్లీ గర్భం రావడానికి ఏడు నుంచి పది నెలలు పడుతుందని చెప్పకపోయినా అంతే. గొడ్రాలిని చేశారంటారు.

ఈ భయాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేయడం నాకు నచ్చదు. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు. 2010 ఏప్రిల్లో కేంద్రం ఆపించింది. విచారణలో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. తల్లిదండ్రులవి కావు. గుజరాత్‌తో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు, వాటికి టీకా కారణం కాకపోవచ్చనే విచారణ కమిటీ చెప్పింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం మాత్రం ఆ అంగీకారం తీసుకున్న తీరుని గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని ఆపుతుంది. అడగకుండా వేయడమే చెడ్డది.

అప్పుడు నాకు పన్నెండేళ్లు. అంటే ఆ పిల్లలంతా నా ఈడువాళ్లు, ఇవాళ తల్లులు. ఉచితంగా సూది వేస్తాం రండి అంటే వాళ్లు ముందు అనుమానంగా చూడటంలో తప్పేముంది? "ఒక్కో మనిషికీ అరగంట చెప్పాలిరా, భర్తకి ఇంకో అరగంట" అంది పిన్ని. ఆ అరగంటకి ఏ రిజిస్టర్లోనూ గడి లేదు.

చివరికి యాప్‌లోంచి మెసేజ్ తీసేశా. ఆ గూడేల వాళ్లకి తేదీలతో పనిలేదు, వారం సంతతో పని. మూడు నెలలంటే పదమూడు సంతలు. ఉప్పుకీ చేపలకీ ఎలాగూ వస్తారు, పిన్ని ఆ రోజు సంత దగ్గరే ఆశా కార్యకర్తతో కలిసి కూర్చుంటుంది. సూదికి వచ్చిందని అత్తకి తెలియాల్సిన పనిలేదు. ఇప్పుడు నా ప్రోగ్రాం ఫలానా సంతకి ఎవరెవరు రావాలో పిన్ని ఫోన్లోనే, సిగ్నల్ లేకపోయినా చూపిస్తుంది. పేర్లు లేవు, నంబర్లే. ఇంకో మార్పు పిన్ని చెప్పి చేయించింది. గడువుకి రెండు వారాల ముందు కూడా సూది వేయొచ్చట. కాబట్టి జులైలో పడాల్సినవాళ్లని పదకొండో సంతకే పిలుస్తుంది, వాగు రాకముందు.

ఈసారి అలాంటివాళ్లు పంతొమ్మిది మంది. నిన్న రాత్రి పిన్ని మెసేజ్ పెట్టింది: "పదహారు మంది వచ్చారు. మిగతా ముగ్గురి దగ్గరికి రేపు నేనే నడిచి పోతా."