డిచ్‌పల్లేనా?

నిజామాబాదులో బస్సెక్కి హైదరాబాదు వస్తున్నాను. టిక్కెట్టు కోసం నోటు పట్టుకొని చెయ్యి చాచాను. కండక్టరు నా చేతి వంక చూశాడు, మొహం వంక చూశాడు. నేను నోరు విప్పకముందే "డిచ్‌పల్లేనా?" అన్నాడు.

మా జిల్లా వాళ్లకు వివరం అక్కర్లేదు. తక్కిన పాఠకుల కోసం చెబుతున్నాను. డిచ్‌పల్లి హైదరాబాదు దారిలోనే ఉంటుంది. 1910ల్లో స్కాట్లండు నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్ అనే ఆవిడ అక్కడ కుష్ఠురోగుల కోసం ఆస్పత్రి నిలబెట్టింది. మా ఇంట్లో ముసలివాళ్లకు ఇప్పటికీ డిచ్‌పల్లి అంటే ఆ ఆస్పత్రే.

నా చేతుల మీద, పెదవుల చుట్టూ, ఎడమ కన్ను పక్కన తెల్లమచ్చలున్నాయి. ఒళ్లు మండిపోయింది నాకు. "నాకా రోగం లేదు! ఇది బొల్లి. హైదరాబాదుకివ్వు" అని అరిచాను. బస్సంతా ఇటు తిరిగింది. మిగతా సంగతి తర్వాత చెబుతాను.

ఇప్పుడీ రాతకు కారణం వేరే ఉంది. ఈ ఏడు మా హాస్టల్లో చేరిన ఒక జూనియర్ మెడ మీద తెల్లమచ్చ కనిపించింది. వారం తిరక్కుండా అతణ్ణి వేరే గదికి మార్చమని వార్డెను గారికి అర్జీ వెళ్లింది. సంతకాలు పెట్టిన వాళ్లలో ఇద్దరు జంతుశాస్త్రం విద్యార్థులు! అందులో ఒకడు మూడేళ్లుగా మెస్సులో నా పక్కన కూర్చొని తింటున్నవాడు. ఇదేమిట్రా అని అడిగితే, "నీ సంగతి వేరురా, నువ్వు అలవాటైపోయావు" అన్నాడు. ఈ మాటకు నవ్వాలో ఏడవాలో నాకింకా తేలలేదు.

బొల్లి అంటురోగం కాదు. రోగాలతో పోరాడవలసిన మన ఒంటి రక్షణ కణాలే, చర్మానికి రంగునిచ్చే కణాలను శత్రువులనుకొని చంపేస్తాయి. అక్కడ రంగు పోతుంది, అంతే. స్పర్శ పోదు. ముట్టుకుంటే రాదు, కలిసి తింటే రాదు, ఒకరి తువ్వాలుతో ఇంకొకరు తుడుచుకున్నా రాదు. చేపల కూర తిని పాలు తాగితే వస్తుందని మా మేనత్త నమ్మకం. నాకు పాలంటేనే గిట్టదు. లోకం మొత్తం మీద నూటికి ఒకరికి అటూ ఇటుగా ఉంటుందంటారు. అంటే రెండువేల మంది చదివే కాలేజీలో ఏ ఇరవై మందో ఉండాలి. వాళ్లంతా ఎక్కడున్నారు? పొడుగు చేతుల చొక్కాల్లో ఉన్నారు.

దూరం జరిగేవాళ్లతో నాకంత ఇబ్బంది లేదు. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంటే పుస్తకాల సంచి పెట్టుకుంటాను. టీ కొట్టువాడు అందరికీ గాజు గ్లాసుల్లో పోసి నాకొక్కడికీ కాగితపు కప్పులో ఇస్తే, అదే శుభ్రం అనుకొని తాగేస్తాను. కష్టమంతా దగ్గరకొచ్చేవాళ్లతోనే. పేరైనా అడగరు, ఎన్నాళ్లయింది, మీ ఇంట్లో ఎవరికుంది, పెళ్లెలా అవుతుంది అని అడుగుతారు. బావంచాలు నూరి పూయమని చెప్పేవాళ్లకు లెక్కలేదు. అది ఉత్తమాటని నేననను. ఆ గింజల్లోని సోరాలెన్‌ను డాక్టర్లూ వాడతారు. కాని మోతాదు తెలియకుండా పూసుకొని ఎండలో నిలబడితే చర్మం బొబ్బలెక్కుతుంది. ఇంటర్‌లో ఉండగా రైల్లో ఒక పెద్దాయన మాట పట్టుకొని ఆ ముచ్చటా తీర్చుకున్నాను.

రెండేళ్ల క్రితం మా అక్కను చూసుకోను వచ్చారు. ముందురోజు రాత్రి నాన్న నా పక్కన కూర్చొని, చాలాసేపు పరీక్షల సంగతి అడిగి, చివరికి "రేపు నీకు లైబ్రరీల ఏమన్న పనుందారా?" అన్నాడు. ఉందన్నాను. ఆ రోజు లైబ్రరీకి సెలవు. అది నాన్నకూ తెలుసు. పొద్దుగూకేదాకా బస్‌స్టాండు బెంచీ మీద కూర్చొని ఇంటికొచ్చాను. అమ్మ నాకోసం దాచిన లడ్డు ఇచ్చింది గాని నా మొహంలోకి చూడలేదు. సంబంధం కుదిరింది. పెళ్లిలో నన్ను చూసిన మగపెళ్లివారు ఒక్క మాటా అనలేదు. బావ నా భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగాడు. మరి మేం భయపడిందెవరికి? వాళ్లు వేయని శిక్ష మాకు మేమే వేసుకున్నాం. నాన్నను నేను తప్పు పట్టను. అంతకుముందు ఎన్ని గడపలు దిగివస్తే ఆ రాత్రి ఆయన నా పక్కన అలా కూర్చోవలసి వచ్చిందో!

మైకేల్ జాక్సన్ నల్లవాడై పుట్టి, తెల్లవాడు కావాలని ఒంటి రంగు మార్చుకున్నాడని లోకమంతా ఎగతాళి చేసింది. 1993 ఫిబ్రవరిలో ఓప్రా విన్‌ఫ్రీతో టెలివిజన్‌లో మాట్లాడుతూ తనకు చర్మవ్యాధి ఉందని అతనే చెప్పాడు. అయినా ఎగతాళి ఆగలేదు. 2009 జూన్ 25న చనిపోయాక శవపరీక్షలో బొల్లి మాట ఖాయమైంది. ఒక మనిషి తన చర్మం గురించి తాను చెప్పింది నమ్మడానికి మనకు శవపరీక్ష కావలసి వచ్చింది! ఏటా ఆ తేదీనే ఇప్పుడు ప్రపంచ బొల్లి దినంగా జరుపుతున్నారు.

ఇంతవరకు లోకాన్ని దులిపాను. ఇక నా వంతు. "నాకా రోగం లేదు" అని అరిచానన్నాను కదా. అందులో ఉన్న అర్థం ఏమిటి? ఆ రోగమే ఉంటే నన్ను వెలివేయడం న్యాయమే అని. కుష్ఠుకు కారణం సూక్ష్మజీవి అని నార్వే డాక్టరు హాన్సెన్ 1873లోనే కనుక్కున్నాడు. 1982 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నట్టు రెండు మూడు మందులు కలిపి వాడుతున్నారు. ఇప్పుడు ఆరు నెలల్లోనో ఏడాదిలోనో జబ్బు నయమవుతుంది. మందు మొదలైన కొద్దిరోజులకే ఇతరులకు అంటించే శక్తి పోతుంది. కాని 1898 నాటి కుష్ఠురోగుల చట్టాన్ని మన పార్లమెంటు రద్దు చేసింది ఎప్పుడు? 2016లో. భార్యకో భర్తకో కుష్ఠు ఉంటే అది విడాకులకు చాలిన కారణం అన్న మాటను చట్టాల్లోంచి తీసేసింది 2019లో. మందుకూ చట్టానికీ మధ్య ఇన్నేళ్లు పట్టిన దేశంలో ఒక బస్సు సీటుకు ఎన్నేళ్లు పడుతుందో!

హాస్టల్ అర్జీకి జవాబుగా "బొల్లి అంటదు" అని నేనూ ఒక కాగితం రాశాను. మొదటి ప్రతిలో "కుష్ఠులాగా కాదు" అన్న ముక్క ఉండింది. కొట్టేశాను. ఆ జూనియర్ గది ఇంకా మారలేదు. వార్డెను గారు ఏమీ తేల్చలేదు. సంతకాలు పెట్టిన మిత్రులు ఈ సంచిక చదువుతారని తెలిసే రాస్తున్నాను. సంతకం వెనక్కి తీసుకోవడానికి ఇంకా వ్యవధి ఉంది.

ఇక బస్సు సంగతి. నేనరిచేసరికి కండక్టరు బిత్తరపోయాడు. "అట్ల గాదు సార్, యూనివర్సిటీకా అని అడిగిన. సంచి ఏసుకున్న పోరగాండ్లంత ఆణ్నే దిగుతరు" అన్నాడు. నిజమే. తెలంగాణ యూనివర్సిటీ 2006లో వచ్చింది, డిచ్‌పల్లిలోనే ఉంది. ఆ కండక్టరు నా చేతిని చూశాడో, సంచిని చూశాడో నేనిప్పటికీ చెప్పలేను. టిక్కెట్టు తీసుకొని కిటికీ వైపు తిరిగాను.

డిచ్‌పల్లి రాగానే నా ముందు సీటులోంచి ఒక ముసలాయన లేచాడు. వేళ్లు సగానికే ఉన్నాయి. సంచిని మోచేతికి తగిలించుకున్నాడు. నా కేక ఆయన విన్నాడు. వినకుండా ఎలా ఉంటాడు? దిగబోతూ నా చేతులు చూసి, "నొస్తదా బిడ్డా?" అని అడిగాడు.

నొయ్యదని చెప్పాను.